పృచ్ఛకుడు మారితే పద్యం మారుతుంది: ఒకే బాణీ, వేర్వేరు కచేరీలు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• ఒక సంగీత బృందం ఒకే అంశాన్ని వేర్వేరు సంవత్సరాలలో ప్రదర్శించినప్పుడు ఆ ప్రదర్శనలను ఏ ప్రాతిపదిక మీద పోల్చాలో వివరించగలుగుతారు;
• పాలకొల్లులో పుట్టిన మాండలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్ 'రిమెంబర్ శక్తి' బృందానికి తెచ్చిన మార్పును సోదాహరణంగా చెప్పగలుగుతారు;
• రికార్డు మీద ఆధారపడే విమర్శకు ఉన్న పరిమితులను గుర్తించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

ఇంతకు ముందు పాఠాలలో లిఖిత రచనను విమర్శించే పద్ధతులు చదివారు. కావ్యం మన ముందు స్థిరంగా ఉంటుంది. రెండోసారి చదివితే మన అభిప్రాయం మారవచ్చు గాని పుట మీది అక్షరం మారదు. ప్రదర్శన సంగతి వేరు. నిన్నటి కచేరీ నిన్నటితో ముగిసింది. అదే పాటను అదే విద్వాంసుడు రేపు వాయిస్తే అది మరొక కచేరీ అవుతుంది. మరి ఈ రెండింటినీ ఎలా పోల్చాలి?

మన ప్రాంతం వారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. తిరుపతి వేంకట కవుల నాటకాలలోని కృష్ణ రాయబారం పద్యాలు గోదావరి జిల్లాల పల్లెల్లో ఎన్ని రాత్రులు వినిపించాయో లెక్క లేదు. పద్యం అదే. కాని రాగం ఎంతసేపు తీయాలి, ఏ పాదం దగ్గర ఆగాలి, హార్మోనియం వాద్యకారుడికి ఎప్పుడు చోటివ్వాలి అన్నది నటుడు ఆ రాత్రి నిర్ణయించుకుంటాడు. 'నిరుడు పాడినట్టు ఈసారి పాడలేదు' అన్న ప్రేక్షకుడు అప్పటికే తులనాత్మక విమర్శ మొదలుపెట్టాడన్నమాట. అయితే ఎందుకు పాడలేదో, తేడా ఎక్కడ వచ్చిందో చెప్పగలిగినప్పుడే అది శాస్త్రీయ విమర్శ అవుతుంది.

పాశ్చాత్య దేశాలలో ఇలాంటి పోలికను ఒక వ్యాసంగంగా పెంచుకున్న శ్రోతలున్నారు. ముందుగా రాసుకున్న పాటను వేదిక మీద అప్పటికప్పుడు విస్తరించి వాయించే బృందాలను వారు 'జామ్ బ్యాండ్' అంటారు. 1965 నుంచి 1995 దాకా సాగిన అమెరికన్ బృందం గ్రేట్‌ఫుల్ డెడ్ దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. తమ కచేరీలను శ్రోతలు రికార్డు చేసుకోవడానికి ఆ బృందం అభ్యంతరం చెప్పలేదు. 1984లో వారి కోసం ప్రేక్షకులలో ప్రత్యేకంగా చోటు కూడా కేటాయించింది. అందువల్ల ఒకే పాట ఏ సంవత్సరంలో ఎలా నడిచిందో పోల్చి వినే అలవాటు ఆ శ్రోతలలో బలపడింది. ఇదే పద్ధతిని మనకు దగ్గరైన ఒక బృందానికి అన్వయించి చూడడం ఈ పాఠం ఉద్దేశం.

2. పోలికకు ఒక సూత్రం: అవధానం

అష్టావధానంలో అవధాని పద్యాన్ని ఒంటరిగా చెప్పడు. సమస్య ఇచ్చేవారు ఒకరు, దత్తపది ఇచ్చేవారు ఒకరు. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు రాబోయే అక్షరాన్ని ఊహించి దాన్ని వాడకూడదంటాడు; అవధాని మరో దారి వెతుక్కుంటాడు. ఆ నిషేధాలను తీసేసి పద్యం ఒక్కదాన్నే అచ్చు వేస్తే, ఇది మామూలు పద్యమే కదా అనిపించవచ్చు. ప్రశ్నను పక్కన పెట్టుకుని చదివితేనే ఆ పద్యం విలువ తెలుస్తుంది.

మనోధర్మ సంగీతం కూడా ఇలాంటిదే. కళాకారుడి పక్కన ఉన్నవారు అతనికి పృచ్ఛకులు. మృదంగం ఒక నడక ఇస్తుంది, వయొలిన్ ఒక పలుకు అందిస్తుంది. ముఖ్య కళాకారుడు వాటికి జవాబు చెప్పాలి. కాబట్టి రెండు సంవత్సరాల ప్రదర్శనలను పోల్చేటప్పుడు 'ఏది గొప్పది?' అన్న ప్రశ్నను కాసేపు ఆపి, ముందుగా 'ఎవరు అడిగారు? ఏమి అడిగారు?' అని ప్రశ్నించుకోవాలి. ఈ పాఠంలో మనం పాటించే సూత్రం ఇదే.

3. బృందం పరిచయం

బ్రిటిష్ గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్, వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్, ఘటం విద్వాంసుడు టి.హెచ్. వినాయకరామ్ ముఖ్యులుగా 1970లలో 'శక్తి' బృందం ఏర్పడింది. తొలి ఆల్బమ్‌లో రామనాడ్ రాఘవన్ మృదంగం కూడా ఉంది. మెక్‌లాఫ్లిన్ అప్పటికే వీణ అభ్యసించినవారు. కర్ణాటక, హిందుస్తానీ సంప్రదాయాలు, జాజ్ ఒకే వేదిక మీద కూర్చున్న ఈ ప్రయోగం 1978 ప్రాంతంలో ఆగిపోయింది.

1997లో మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్ దాన్ని 'రిమెంబర్ శక్తి' పేరుతో మళ్లీ మొదలుపెట్టారు. ఆ ఏటి బ్రిటన్ పర్యటనలో వారితో పాటు వేణువు మీద హరిప్రసాద్ చౌరసియా, ఘటం మీద వినాయకరామ్ ఉన్నారు. 1999 నాటికి వేణువు స్థానంలోకి మాండలిన్, తండ్రి వినాయకరామ్ స్థానంలోకి కొడుకు సెల్వగణేశ్ వచ్చారు. ఆ మాండలిన్ ఉప్పలపు శ్రీనివాస్‌ది.

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాద్యకారుడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. గురువుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు విన్నదాన్ని మాండలిన్ మీద పలికించేవాడు. ఈ విషయం గుర్తుంచుకోండి, తరవాత మనకు పనికొస్తుంది. 1978లో గుడివాడలో త్యాగరాజ ఉత్సవ వేదిక మీద తొలి కచేరీ చేసిన ఈ బాలుడు 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం దాకా వెళ్లాడు. 1998లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

4. ఒకే బాణీ, మూడు పర్యటనలు

పోలికకు ఏ అంశాన్ని ఎన్నుకోవాలి? వేగంగా సాగే అంశాన్ని తీసుకుంటే వేళ్ల చురుకుదనం మన చెవిని ఆక్రమిస్తుంది, మిగతా తేడాలు కనబడవు. అందుకే మెక్‌లాఫ్లిన్ రచన 'లోటస్ ఫీట్'ను తీసుకుందాం. ఇది నెమ్మదిగా సాగే చిన్న బాణీ. స్వరాల మధ్య ఖాళీ ఎక్కువ. ఒక్కో స్వరాన్ని ఎంతసేపు నిలబెట్టారు, ఎలా వదిలారు అన్నదే ఇందులో ముఖ్యం. ఇది 1975, 1997, 1999 ప్రదర్శనల రికార్డులు మూడింటిలోనూ ఉండడం మన అదృష్టం.

4.1. 1975: కమాను

1975 జూలైలో అమెరికాలోని సౌత్‌హాంప్టన్ కళాశాలలో జరిగిన కచేరీ మరుసటి ఏడు ఆల్బమ్‌గా వచ్చింది. అందులో మూడే అంశాలు. మొదటిది సుమారు 18 నిమిషాలు, చివరిది సుమారు 29 నిమిషాలు. వాటి మధ్య ఐదు నిమిషాల లోపు 'లోటస్ ఫీట్'. అంటే రెండు పెద్ద పరుగుల నడుమ ఇది ఒక విశ్రాంతి. వయొలిన్ కమానుతో పలుకుతుంది. కమాను కదులుతున్నంతసేపు స్వరం నిలుస్తుంది. అందుచేత బాణీలోని దీర్ఘస్వరాలు శంకర్‌కు సమస్య కావు. పక్కన ఉన్నది అకూస్టిక్ గిటారు. ఒకరి స్వరం సాగుతుంది, ఇంకొకరిది మీటగానే తగ్గుతుంది. ఈ వైరుధ్యమే ఆ ప్రదర్శనకు అందం.

4.2. 1997: ఊపిరి

1997 రికార్డు స్వభావమే వేరు. 'చంద్రకౌఁస్' అరగంట దాటుతుంది, 'ముక్తి' గంట దాటుతుంది. హిందుస్తానీ కచేరీలోలాగా ఆలాపనకు తీరిక దొరికింది. ఈ తీరికను తెచ్చింది చౌరసియా వేణువు. 'లోటస్ ఫీట్' కూడా 1975 నాటి కంటే ఎక్కువ సేపు సాగుతుంది. వేణువులో స్వరం ఊపిరి ఉన్నంతవరకే. ఊపిరి తీసుకున్న చోట వాక్యం ఆగుతుంది. కాబట్టి ఇక్కడి నిశ్శబ్దాలు సహజంగా, మనిషి మాట్లాడుతూ ఆగినట్టు వస్తాయి. ఆ ఆగిన చోట గిటారు ప్రవేశిస్తుంది. ఈ ప్రదర్శనలో అడిగేది ఎక్కువగా వేణువు, జవాబు చెప్పేది గిటారు.

4.3. 1999: మీటు

ఇప్పుడు శ్రీనివాస్ దగ్గరకు వద్దాం. మాండలిన్‌కు కమాను లేదు, ఊపిరి లేదు. తీగను మీటిన క్షణం నుంచే స్వరం క్షీణించడం మొదలవుతుంది. మామూలు మాండలిన్‌లో జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. జంట తీగలను ఒకేలా లాగి గమకం పలికించడం కష్టం. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎన్నుకుని, జంటల స్థానంలో ఒంటి తీగలు వేసి, మంద్రస్థాయి కోసం ఐదో తీగ చేర్చుకున్నారు. ధ్వనివర్ధకం స్వరాన్ని మరికొంతసేపు నిలుపుతుంది. అయినా కమానుతో, ఊపిరితో అది సమానం కాదు.

నిషిద్ధాక్షరిలో అవధానికి ఎదురయ్యే ఇబ్బంది సరిగ్గా ఇలాంటిదే. 'దీర్ఘస్వరం నీకు నిషిద్ధం' అని వాద్యమే అన్నది. బాణీ మాత్రం దీర్ఘస్వరమే కావాలంటున్నది. మాండలిన్ వాద్యకారులకు అలవాటైన పరిష్కారం ఒకటుంది: తీగను గబగబా పదేపదే మీటి స్వరం ఆగనట్టు భ్రమ కలిగించడం. శ్రీనివాస్ ప్రధానంగా ఆ దారి పట్టలేదు. ఒకసారి మీటి, ఆ నాదం చల్లారేలోపు వేలిని మెట్ల మీద జార్చి, తీగను లాగి, తరవాతి స్వరాన్ని అందుకుంటారు. స్వరం నిలబడిందని కాదు, నడుస్తున్నదని మనకు అనిపిస్తుంది. గురువు పాడగా విని నేర్చుకున్నాడని పైన చెప్పుకున్నాం కదా. ఆ శిక్షణ ఫలితం ఇక్కడ వినిపిస్తుంది. ఆయన వేళ్లు అనుకరిస్తున్నది మరొక మాండలిన్‌ను కాదు, గొంతును.

ఇంకొక తేడా కూడా గమనించండి. 1975లో కమాను–మీటు, 1997లో ఊపిరి–మీటు జంటగా ఉన్నాయి. 1999లో రెండూ మీటే వాద్యాలే, రెండూ మెట్లున్న వాద్యాలే. ధ్వనిలో దగ్గరి చుట్టాలు. ఇందులో ఒక ప్రమాదం ఉంది. వేగమైన అంశాలలో ఇద్దరి సంభాషణ పోటీగా మారే అవకాశం ఎక్కువ. ఆ పర్యటన రికార్డులోని కొన్ని భాగాలు అలా మారాయని నా అభిప్రాయం. 'లోటస్ ఫీట్' దగ్గర ఆ పోటీ సాధ్యం కాదు. పరిగెత్తడానికి చోటు లేని పాటలో ఇద్దరూ ఒకరి స్వరం చివర మరొకరి స్వరం మొదలుపెట్టాలి. ఈ మూడు ప్రదర్శనలలో 1999 నాటిది ఎక్కువ విలువైనదని నేను భావించడానికి కారణం ఇదే. అది మిగతా రెండింటికంటే మధురమైనదని నేననడం లేదు. మిగతా ఇద్దరికీ వాద్యమే ఇచ్చినదాన్ని శ్రీనివాస్ సంపాదించుకోవలసి వచ్చింది.

మీ ప్రగతిని తెలుసుకోండి: 'లోటస్ ఫీట్' మూడు ప్రదర్శనలలో దీర్ఘస్వరాన్ని నిలిపే సాధనం ఎలా మారిందో మూడు వాక్యాలలో రాయండి.

5. 2000: ముంబై సభ

2000 డిసెంబర్‌లో ముంబైలో జరిగిన ప్రదర్శన 'సాటర్‌డే నైట్ ఇన్ బాంబే' పేరుతో 2001లో వచ్చింది. నలుగురి బృందానికి శంకర్ మహదేవన్ గాత్రం, శివకుమార్ శర్మ సంతూర్, దేబాశీష్ భట్టాచార్య స్లయిడ్ గిటారు, శివమణి మొదలైన తాళవాద్యకారులు తోడయ్యారు. నాలుగే అంశాలు, నిండైన వేదిక, ఉత్సాహం పొంగే ప్రేక్షకులు. మన దేశంలో చాలామందికి ఈ బృందం పరిచయమైనది ఈ రికార్డు ద్వారానే.

ఇందులో 'గిరిరాజ్ సుధ' మనకు ముఖ్యమైనది. ఇది త్యాగరాజస్వామి బంగాళ రాగంలో చేసిన సంస్కృత కృతి. మూలంలో ఉన్నది 'సుతా', అంటే కూతురు. పర్వతరాజు కూతురి తనయుడు గణపతి. ఆల్బమ్ మీద 'సుతా' కాస్తా 'సుధ' అయింది. కూతురు అమృతంగా మారిపోయింది. తెలుగు విద్యార్థులు ఇలాంటి చోట ఒక నిమిషం ఆగాలి. పాట ప్రయాణించినప్పుడు మొదట అరిగిపోయేది మాట. బాణీ మాత్రం గట్టిగా నిలబడింది.

కర్ణాటక కచేరీలో గణపతి కృతిని ఆరంభంలో క్లుప్తంగా ముగించడం అలవాటు. ముంబైలో అది పెద్ద గోష్ఠి అయింది. పృచ్ఛకులు నలుగురు కాదు, సభ అంతా పృచ్ఛకులే. ఇలాంటప్పుడు ఏమవుతుంది? ప్రతి ఒక్కరికీ కాస్త చోటివ్వాలి. ఎవరి వంతు వారు మెరిసి తప్పుకోవాలి. శ్రీనివాస్ వంతు వచ్చినప్పుడు ఆయన మెరిశారు. అందులో సందేహం లేదు. కాని మెరుపుకు, సంభాషణకు తేడా ఉంది. 1999లో ఆయన ఒక స్వరాన్ని ముగించే తీరు ఎదుటివారి తరవాతి మాటను మార్చింది. 2000లో ఆయన వంతు ముగిశాక కార్యక్రమం ముందుగా అనుకున్న దారిలోనే సాగుతున్నట్టు వినిపిస్తుంది. ఉత్సవంగా ముంబై సభ సాటిలేనిది. శ్రీనివాస్ మనోధర్మాన్ని తెలుసుకోవాలనుకునేవారు మాత్రం 1999 దగ్గర మొదలుపెట్టాలి.

ఈ తీర్పుతో మీరు ఏకీభవించనక్కర్లేదు. గాత్రం చేరడంవల్ల శ్రీనివాస్‌కు తన బాల్యపు స్థితి, అంటే గొంతును విని జవాబు చెప్పే స్థితి, తిరిగి దొరికిందని ఎవరైనా వాదించవచ్చు. అది బలమైన వాదమే. రెండు రికార్డులూ విని, ఏ చోట మీకు అలా అనిపించిందో చూపగలిగితే మీ జవాబు నా పాఠం కంటే మెరుగైనదవుతుంది.

6. రెండు ఆక్షేపణలు

మొదటిది: కర్ణాటక కచేరీలో రాగం, తానం, పల్లవి విస్తరించగల విద్వాంసుడు ఇలాంటి బృందంలో కుదించుకుపోడా? ఇది నిజంగానే కొంత నష్టం. రాగాన్ని అరగంట ఆలపించే వెసులుబాటు 1999 నాటి రికార్డులో ఆయనకు లేదు. కాని అవధాన పద్యం ప్రబంధమంత పెద్దది కాదని ఎవరూ నిందించరు. అది వేరే ప్రక్రియ. ఇచ్చిన ఇరుకులో ఏమి చేశాడన్నదే ప్రశ్న.

రెండవది రికార్డులకు సంబంధించినది. 1975 ఆల్బమ్ ఒక కచేరీ మాత్రమే. 1999 ఆల్బమ్ ఆ పర్యటనలోంచి ఏరిన ఆరు అంశాలు. కాబట్టి '1975లో ఇలా ఉండేది, 1999లో ఇలా ఉండేది' అని సంవత్సరాల పేరుతో తీర్పు చెప్పడం జాగ్రత్తగా చేయవలసిన పని. మన చేతిలో ఉన్నది ఒక రాత్రి, సంవత్సరం కాదు. పైగా ప్రచురించడానికి ఎన్నుకున్న రాత్రి. గ్రేట్‌ఫుల్ డెడ్ శ్రోతలకు ఉన్న సౌకర్యం, అంటే బాగా కుదరని రాత్రులను కూడా వినే సౌకర్యం, మనకు ఈ రికార్డులలో లేదు. ఈ పరిమితిని జవాబులో ఒక వాక్యంలోనైనా పేర్కొనడం విమర్శకుడి నిజాయితీ.

7. 2014 తరవాత

2014 సెప్టెంబర్ 19న శ్రీనివాస్ చెన్నైలో మరణించారు. వయసు 45 ఏళ్లు. 2023లో శక్తి బృందం తన పాత పేరుతోనే 'దిస్ మొమెంట్' ఆల్బమ్ విడుదల చేసింది. ఇది ప్రత్యక్ష కచేరీ రికార్డు కాదు కనుక పై వాటితో నేరుగా పోల్చలేం. 2024 ఫిబ్రవరిలో దీనికి గ్రామీ పురస్కారం వచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో జాకీర్ హుస్సేన్ కూడా కన్నుమూశారు.

ఆ ఆల్బమ్‌లో శ్రీనివాస్ స్మృతికి అంకితమైన 'శ్రీనీస్ డ్రీమ్' ఉంది. 'గిరిరాజ్ సుధ' కూడా మళ్లీ ఉంది. మాండలిన్ లేదు, గణేశ్ రాజగోపాలన్ వయొలిన్ ఉంది. కమానుతో మొదలైన బృందం మళ్లీ కమాను దగ్గరకు వచ్చింది. రాగం అదే, కృతి అదే, గాయకుడూ అతనే. అయినా ముంబై రికార్డు ఎరిగిన శ్రోత చెవి ఒక చోట మీటు కోసం ఎదురుచూస్తుంది. తులనాత్మక విమర్శ మనకిచ్చే జ్ఞానం ఇదే. లేని స్వరాన్ని గుర్తుపట్టాలంటే ఉన్నప్పుడు దాన్ని శ్రద్ధగా విని ఉండాలి.

ఇక్కడ మన ప్రాంతం గురించి ఒక మాట. 'మా పాలకొల్లు కుర్రాడు ప్రపంచమంతా వాయించాడు' అనుకోవడం సహజమైన అభిమానం. ఆ అభిమానం పురస్కారాల జాబితా దగ్గర ఆగిపోతే శ్రీనివాస్‌కు మనం చేసిన గౌరవం తక్కువే. ఒక్క దీర్ఘస్వరం దగ్గర ఆయన ఎదుర్కొన్న ఇబ్బంది ఏమిటో, దాన్ని ఎలా దాటారో చెప్పగలగడం అంతకంటే పెద్ద గౌరవం. జవాబు పత్రాలలో 'అద్భుతంగా వాయించారు' అనే వాక్యం నాకు తరచుగా కనిపిస్తుంది. అది తప్పు వాక్యం కాదు, అసంపూర్ణమైన వాక్యం. దేన్ని, ఎవరి పక్కన, ఎలా వాయించారో చేర్చితే అది విమర్శ అవుతుంది.

8. సారాంశం

మనోధర్మ ప్రదర్శనలను పోల్చేటప్పుడు స్థిరంగా ఉన్నది ఏది, మారినది ఏది అని ముందు విడదీయాలి. 'లోటస్ ఫీట్' బాణీ స్థిరం. దాన్ని మోసిన సాధనం 1975లో కమాను, 1997లో ఊపిరి, 1999లో మీటు. సహవాద్యకారులు మారితే ప్రశ్న మారుతుంది, ప్రశ్న మారితే జవాబు మారుతుంది. వేదిక మీది సంఖ్య పెరిగితే ఉత్సాహం పెరగవచ్చు గాని సంభాషణ పలచబడవచ్చు. రికార్డు ఒక రాత్రికి మాత్రమే సాక్ష్యం.

నమూనా ప్రశ్నలు

1. 'అవధానంలో పృచ్ఛకుడికి, సంగీత గోష్ఠిలో సహవాద్యకారుడికి పోలిక ఉంది.' చర్చించండి. ఈ పోలిక ఎక్కడ కుదరదో కూడా రాయండి.

2. గురువు గాత్రం ద్వారా నేర్చుకోవడం శ్రీనివాస్ వాదనశైలిని ఎలా ప్రభావితం చేసింది?

3. 1999, 2000 ప్రదర్శనల గురించి ఈ పాఠంలో చేసిన తీర్పును సమర్థిస్తూ గాని ఖండిస్తూ గాని వ్యాసం రాయండి.

4. అభ్యాస కార్యక్రమం: మీ ఊళ్లో గాని పక్క ఊళ్లో గాని ఒకే హరికథనో, పద్యనాటకాన్నో, మేళాన్నో ఈ ఏడాది రెండుసార్లు వినండి. తేదీ, స్థలం, పక్కవాద్యాలు, ఎంతసేపు సాగింది, ఏ చోట నిరుటికి భిన్నంగా నడిచింది అన్నవి అదే రాత్రి రాసుకోండి. శ్రీనివాస్ కచేరీలకు రికార్డులున్నాయి. మీ ఊరి తీర్థంలో క్లారినెట్ వాయించే వ్యక్తికి మీరు రాసుకున్న ఆ రెండు పుటలు తప్ప వేరే రికార్డు ఉండకపోవచ్చు.